తడి మూలలో పచ్చని తుంగ

మన కళాశాల వెనుక భాగమున, వజూ హౌజునకును త్రాగునీటి కుళాయిలకును నడుమ, పండ్రెండు అడుగుల పొడవు, అయిదు అడుగుల వెడల్పు గల ఒక నేల చెక్క కలదు. దానిని ఎరుగనివారు మనలో ఉండరు. గంట మ్రోగిన తరువాత తొందరలో ఆ ప్రక్కగా పరుగెత్తి, చెప్పును బురదలో విడిచి వచ్చినవారును మనలో లేకపోలేదు. ఏడాది పొడవున అచ్చట తడి ఆరదు. దానిపై సిమెంటు పరపించి ఆ బాధ వదిలించుకొనవలెనని కమిటీవారు ఆలోచించుచున్నట్లు తెలిసినది. ఆ ఆలోచన తప్పని మేము అనము. కాని ఆ నేలతో నాలుగేండ్లుగా పోరాడిన వృక్షశాస్త్ర విభాగమువారము గనుక, నిర్ణయమునకు ముందు ఆ నేలను గూర్చియు, అచ్చట ఇప్పుడు పెరుగుచున్న మొక్కను గూర్చియు కొంత విన్నవింపదలచితిమి. విద్యార్థులకు ఇది ఒక పాఠముగా కూడ ఉపయోగపడగలదు.

మొదటి ఏడు మేము చేసినది అందరును చేయునదే. అందముగా ఉండునని నాలుగు గులాబీలను, రెండు మందారములను, వరుసగా క్రోటనులను నాటితిమి. రెండు మాసములలో గులాబీల ఆకులు పసుపెక్కి రాలిపోయినవి. నీరు చాలలేదేమోనని మరికొంత నీరు పోసితిమి! మూడవ మాసమున మందారమును పెరికి చూడగా వేళ్లు నల్లబడి, మెత్తబడి, చెడువాసన వచ్చుచుండెను. నీటి నడుమ నిలిచిన మొక్క దాహముతో చచ్చినదా యని విద్యార్థి ఒకడు అడిగినాడు. ఆ ప్రశ్న పైకి వింతగా తోచినను అందులో నిజమున్నది. దాని సమాధానమే ఈ వ్యాసమునకు మూలము.

వేరు కూడ ఊపిరి పీల్చును. నేలలోని మట్టి రేణువుల నడుమ సన్నని ఖాళీలు ఉండును. మంచి తోటనేలలో ఆ ఖాళీలలో కొన్ని నీటితోను, కొన్ని గాలితోను నిండియుండును. వేరు ఆ గాలిలోని ఆక్సిజనును గ్రహించి శ్వాసించి, ఆ శక్తితోనే లవణములను లోనికి తీసికొనును. ఎల్లప్పుడు తడిసియుండు నేలలో ఆ ఖాళీలన్నియు నీటితో నిండిపోవును. నీటిలో ఆక్సిజను వ్యాపించు వేగము గాలిలోని వేగములో సుమారు పదివేలవ వంతు మాత్రమే. నేలలో ఉన్న కొద్దిపాటి ఆక్సిజనును సూక్ష్మజీవులు కొలది దినములలోనే ఖర్చు చేయును. అటుపైన వేరునకు ఊపిరి ఆడదు. ఊపిరి ఆడని వేరు నీటిని కూడ సరిగా పీల్చలేదు. కనుకనే చుట్టును నీరున్నను ఆకు వాడిపోవును. మా గులాబీలు దాహముతో చచ్చినవనుట ఒక విధముగా సత్యమే. వానికి మరింత నీరు పోసి మేమే తొందరపెట్టితిమి.

ఇట్టి నేలను గుర్తించుట కష్టము కాదు. ఒక అడుగు లోతున గుంట త్రవ్వి చూడవలెను. మట్టి ఎర్రగానో గోధుమరంగుగానో ఉన్నచో అందు గాలి కలదు. బూడిదవన్నెకు, కొంచెము నీలపు ఛాయకు తిరిగి, కుళ్లిన గ్రుడ్డు వాసన వచ్చినచో గాలి లేదు. ఎర్రదనమునకు కారణమైన ఇనుము ఆక్సిజను లేనిచోట తన రంగును కోల్పోవును. మా చెక్కలో పై నాలుగు అంగుళములు దాటిన తరువాత అంతయు బూడిదవన్నెయే.

రెండవ ఏడు మేము చేసిన పొరపాటు ఇంకను పెద్దది. దానిని దాచుట న్యాయము కాదు. తడినేలలో తడిమొక్క నాటవలెనని అప్పటికి మాకు బుద్ధి కలిగినది. చెరువుగట్టున, పొలముల కాలువల వెంట తుంగ ఎంత పచ్చగా పెరుగునో చూచియే యుందుము. తుంగ ఏదైన తుంగయే గదా యనుకొని, విహారయాత్రకు వెళ్లిన దినమున ఒక కాలువగట్టు నుండి రెండు గోనెసంచుల తుంగను మట్టితో సహా పెల్లగించి తెచ్చి నాటితిమి. వానలు పడినవి. పదునైదు దినములలో చెక్క అంతయు పచ్చబడినది. మేము సంతసించితిమి. మరి రెండు మాసములకు ఆ పచ్చదనము చెక్కను దాటి, ఇటుకల హద్దు క్రిందుగా దూరి, ప్రధాన ద్వారము ముందరి పచ్చికలో తల ఎత్తినది.

అప్పుడు మా తోటమాలి, అందరము చాచా అని పిలుచుకొను పెద్దాయన, ఒక పిలకను పెరికి, దాని మొదట వ్రేలాడు నల్లని చిన్న దుంపను గోటితో గిల్లి వాసన చూచి, మా చేతిలో పెట్టినారు. "ఎక్కడ్నుంచి తెచ్చిండ్రు సార్ దీన్ని? ఇది మోథా. కోసిన కొద్దీ పెరుగుతది. మా అబ్బాజాన్ దీంతోని నలభై ఏండ్లు కొట్లాడిండు" అనిరి. పుస్తకములు చదివిన మేము చూడని దానిని ఆయన ముక్కుతో గుర్తించినారు.

అది తుంగముస్త, శాస్త్రీయ నామము సైపరస్ రొటండస్. 1977లో హోల్మ్ మొదలగు శాస్త్రజ్ఞులు ప్రపంచపు కలుపుమొక్కలపై వెలువరించిన ప్రసిద్ధ గ్రంథమున అన్నిటికంటె చెడ్డ కలుపుగా మొదటి స్థానము పొందినది ఇదియే. దాని బలమంతయు నేలలోపల ఉన్నది. సన్నని భూగర్భకాండములపై దుంపలు జపమాలలోని పూసలవలె వరుసగా ఏర్పడును. గొలుసు తెగకుండ ఉన్నంతవరకు కొనయందలి దుంప మొలకెత్తి, వెనుకనున్నవి చాలవరకు నిద్రించుచుండును. పారతో నరికినచో గొలుసు తెగి, ఒక్కొక్క దుంపయు మేల్కొని ఒక్కొక్క మొక్క అగును. చాచా తండ్రిగారు నలువది ఏండ్లు పోరాడియు గెలువకపోవుటకు కారణము ఇదియే. మేము పచ్చికలో కొడవలి పెట్టి కోయించిన ప్రతిసారియు దానికి సాయమే చేసితిమి.

దానిని వదిలించుటకు మాకు ఒక వేసవి పట్టినది. దుంపలలో అధికభాగము పై అర అడుగు మట్టిలోనే ఉండును, ఎండకు పూర్తిగా ఎండిన దుంప చచ్చును. ఈ రెండు విషయములను ఆధారము చేసికొని, ఏప్రిల్, మే మాసములలో నీరు కట్టివేసి, మట్టిని తిరుగవేసి, దుంపలను ఏరి, మిగిలినవానిని ఎండకు ఆరబెట్టితిమి. వానలకు మొలచినవానిని వారమునకు ఒకసారి దుంపతో సహా పెరికితిమి. నేటికిని పచ్చికలో అక్కడక్కడ కనబడుచునే ఉన్నది. కనబడినవారు పై ఆకును త్రుంపక, పుల్లతో మట్టి వదులుచేసి దుంపతో తీసివేయ ప్రార్థన.

అయినను ఆ మొక్కను కేవలము శత్రువని వదలుట మాకు ఇష్టము లేదు. ఆయుర్వేదములో ముస్త, తెలుగింట తుంగముస్త, ఉర్దూలో మోథా, యునానీ హకీములు సాద్ కూఫీ అని పిలుచునది ఈ దుంపనే. కూఫీ యను మాటలో ఇరాకులోని కూఫా నగరపు పేరు నిలిచియున్నది. దాని దగ్గరి బంధువగు నాగర్‌మోథా వేళ్ల నుండి తీసిన నూనెను అత్తరు చేయువారు ఎంతయో ఆదరింతురు. పొలములో నిందింపబడునది దవాఖానాలో గౌరవింపబడుచున్నది. స్థలము తప్పుటయే దాని దోషము, స్థలము తప్పించినవారము మేము.

ఇంతకును తుంగ అనగా నేమి? చూపునకు గడ్డివలె నుండును గాని గడ్డి కాదు. గడ్డి, వరి, చెరకు, వెదురు పోయేసీ కుటుంబమునకు చెందినవి. తుంగలు సైపరేసీ అను వేరు కుటుంబము, అందు సుమారు 5,500 జాతులు కలవు. విద్యార్థులు రెంటిని వేరుపరచుటకు కాండమును బొటనవ్రేలికి చూపుడువ్రేలికి నడుమ పెట్టి దొర్లింపవలెను. గడ్డి కాండము గుండ్రముగా దొర్లును. తుంగ కాండము మూడు అంచులుగా తగులును. గడ్డికి కణుపులు ఉండును, కణుపుల నడుమ బోలు. తుంగ కాండమునకు సాధారణముగా కణుపులు కానరావు, లోపల తెల్లని బెండు నిండియుండును. గడ్డి ఆకులు రెండు వరుసలు, తుంగ ఆకులు మూడు వరుసలు. గడ్డి ఆకు ఒర ఒక ప్రక్క చీలియుండును, తుంగ ఒర మూసిన గొట్టమువలె నుండును. అయితే దొర్లించి చూచుట ఒక్కటే చాలునని పరీక్షలో వ్రాయకూడదు. గుండ్రని కాండము గల తుంగలు కూడ కలవు. మేము ఇప్పుడు పెంచుచున్న దానికే అంచులు మొద్దుబారి ఇంచుమించు గుండ్రముగా తోచును.

ఈ కుటుంబము మన జీవితమునకు దూరమైనది కాదు. తెలుగు పల్లెలలో తుంగచాప తెలియని ఇల్లు లేదు. తమిళనాట తిరునెల్వేలి జిల్లాలోని పత్తమడై గ్రామమున ముస్లిం కుటుంబములవారు కోరై యను తుంగను నీట నానబెట్టి, సన్నగా చీల్చి, పట్టువలె మడువదగిన చాపలు నేయుదురు. ఇక చరిత్రలో అన్నిటికంటె గొప్ప తుంగ ఈజిప్టునందలి పపైరస్. దాని కాండములోని బెండును పట్టీలుగా కోసి, అడ్డముగా నిలువుగా పరచి, అదిమి, ఎండబెట్టి, వేల ఏండ్లు లోకము వ్రాతకు వాడుకొన్నది. మన ఉర్దూ విభాగపు విద్యార్థులకు ఖిర్తాస్ అను మాట తెలియును. కాగితమని దానికి నేడు అర్థము చెప్పుకొనుచున్నాము గాని, అరబ్బీలో ఆ మాట మొదట ఈ తుంగ నుండి చేసిన పత్రమునకే వాడినారు. గ్రంథాలయమున కూర్చుండి ఆ పదము చదువువారు వెనుక వాకిలి తెరచి చూచినచో దాని జ్ఞాతి మొక్క కానవచ్చును.

మూడవ ఏట మేము పుస్తకముల వంక తిరిగితిమి. ఇంగ్లండు మొదలగు దేశముల ఉద్యాన గ్రంథములలో తడిమూలలకు నిత్యహరిత తుంగలు నాటుడని విరివిగా వ్రాసియుండును. వారు చెప్పునది ముఖ్యముగా కేరెక్స్ అను ప్రజాతి. సుమారు 2,000 జాతులు గల పెద్ద వంశము అది. జపానులోని ఓషిమా దీవి పేరుతో పిలువబడు కేరెక్స్ ఓషిమెన్సిస్, దానిలో ఆకు నడుమ పసుపు చార గల ఎవర్‌గోల్డ్ రకము, ఐరోపా అడవుల తడి పల్లములలో పెరిగి కంకులను వ్రేలాడవేయు కేరెక్స్ పెండ్యులా, న్యూజిలాండునందలి రాగివన్నె రకములు, వీని చిత్రములు చూడ ముచ్చటగా నుండును. చిత్రములు చూచి ఆశపడితిమి. కాని ఆలోచింపగా ఒక సంగతి స్ఫురించినది. నిత్యహరితమను మాట ఆ దేశములలో మంచుకాలమునకు సంబంధించినది. తక్కిన మొక్కలు ఆకురాల్చి, నేల తెల్లబడిన జనవరిలో ఆకుపచ్చగా నిలిచినదానికి అచ్చట ఆ బిరుదు. మనకు పరీక్ష జనవరిలో లేదు, రోహిణీ కార్తెలో ఉన్నది. నలువది డిగ్రీలు దాటిన ఎండలో, వడగాలిలో పచ్చగా నిలిచినదే మన నిత్యహరితము. చలిని జయించినది ఎండను జయించునని ఎవరును హామీ ఈయలేరు. కాబట్టి ఉదకమండలము వంటి చల్లని కొండలవారికి ఆ రకములను వదలి, మేము వేడిదేశపు తుంగను వెదకితిమి.

అయితే ఆ గ్రంథముల నుండి ఒక మంచిమాట మాత్రము గ్రహించితిమి. నిత్యహరిత తుంగను గడ్డివలె నడిమికి కత్తిరింపరాదు. ప్రతి ఆకునకు ఆయుష్షు కలదు, పాతది చావకముందే క్రొత్తది పుట్టుటయే నిత్యహరితము. అన్నిటిని ఒకమారు కోసినచో ఆ వరుస తెగిపోవును. చేతులకు తొడుగులు వేసికొని ఎండిన ఆకులను మాత్రము వ్రేళ్లతో దువ్వి తీయవలెను. తొడుగులు అని ఊరక చెప్పుటలేదు. తుంగ ఆకు అంచున ఇసుకలోనుండు సిలికా పదార్థము నిలిచి రంపమువలె కోయును.

మాకు కుదిరిన మొక్క సైపరస్ ఇన్వల్యూక్రేటస్. నర్సరీలలో అంబ్రెల్లా పామ్ అని అమ్ముదురు, ఇది తాటి జాతికి చెందినది కాదు. పాత పుస్తకములలోను, నర్సరీ చీటీలపైనను సైపరస్ ఆల్టర్నిఫోలియస్ అను పేరుండును. ఆ రెండు పేర్లు ఒకే జాతివా, వేరు జాతులవా యని శాస్త్రజ్ఞులలో చర్చ జరిగినది. రికార్డు పుస్తకములో ఏది వ్రాసినను మేము మార్కులు తగ్గింపము. మేము దీనిని గొడుగు తుంగ అని పిలుచుకొనుచున్నాము. ఆఫ్రికా దీని పుట్టిల్లు. రెండు అడుగుల నుండి అయిదు అడుగుల వరకు నిటారుగా లేచిన ఆకుపచ్చని కాండము, దాని కొనయందు ఇరువదికి అటునిటుగా పచ్చని పట్టీలు గొడుగు కమ్ములవలె చుట్టును విచ్చుకొని యుండును. చూచినవారందరు వానిని ఆకులందురు. అవి ఆకులు కావు, పూగుత్తిని చుట్టిన పుచ్ఛములు. అసలు ఆకులు కాండపు మొదట గోధుమరంగు ఒరలుగా కుంచించుకుపోయినవి. ఆకు పనిని కాండమును పుచ్ఛములును చేయుచున్నవి.

ఇది గాలి లేని మట్టిలో ఎట్లు బ్రతుకును? ఈ ప్రశ్నకు సమాధానమును విద్యార్థులు తమ కండ్లతో చూడగలరు. కాండమును అడ్డముగా పలుచని పొరగా కోసి సూక్ష్మదర్శిని క్రింద ఉంచినచో కణముల నడుమ గదులవంటి ఖాళీలు కనబడును. వేరును కోసినను అట్లే. దీనిని వాతయుత మృదుకణజాలమని పాఠ్యపుస్తకమున చదివితిమి. ఆ ఖాళీల గుండా పైగాలిలోని ఆక్సిజను వేరు కొన వరకు దిగును. మందారము వేరు తన చుట్టునున్న మట్టిలో గాలి వెదకి చచ్చినది. తుంగ తన గాలిని తానే పైనుండి క్రిందికి తెచ్చుకొనుచున్నది. వరి కూడ ఈ ఉపాయముతోనే నీళ్లమడిలో నిలుచును.

అంతేకాదు, ఆ గాలి కొంత వేరు నుండి మట్టిలోనికి కారును. ఒక పిలకను జాగ్రత్తగా పెకలించి నీట కడిగి చూచితిమి. బూడిదవన్నె మట్టిలో నుండి వచ్చిన వేరుపై తుప్పురంగు పొర! రంగు కోల్పోయిన ఇనుము, వేరు విడిచిన ఆక్సిజను తగిలి మరల తుప్పుపట్టి వేరు చుట్టు పేరుకొన్నది. అది చూచిన దినమున మా తరగతి గంట దాటియు ఎవరును కదలలేదు. వేరు చుట్టునున్న ఆ ఆక్సిజనుతో మేలుచేయు సూక్ష్మజీవులు పెరిగి నీటిలోని మురికిని కొంత విరుగగొట్టును. ఈ కారణముననే పలుదేశములలో స్నానపునీటిని, వంటింటి నీటిని వడగట్టుటకు నిర్మించిన తడిమడులలో ఈ తుంగను నాటుచున్నారు. వజూ నీరు సబ్బు లేనిది కనుక మన మొక్కకు సుఖమే. కుళాయిల వద్ద డబ్బాలు కడుగు జిడ్డునీరు మాత్రము నేరుగా పోకుండ, గులకరాళ్లు నింపిన చిన్న గుంట గుండా పోనిచ్చుచున్నాము. వారమునకు ఒకసారి ఆ రాళ్లపై తేలిన మెతుకులను తీయవలెను. ఈ పని ఎవరిదో ఇంతవరకు నిర్ణయము కాలేదు, చాచాయే చేయుచున్నారు.

నాటు విధానము. జూన్, జూలై మాసములలో వానలు మొదలైన పిమ్మట నాటుట మేలు. ముందుగా తుంగముస్త దుంపలను పూర్తిగా ఏరవలెను. అవి గొడుగు తుంగ వేళ్లలో చిక్కినచో తరువాత వేరుచేయుట అసాధ్యము. చెక్కను పూర్తిగా త్రవ్వక, రెండడుగులకు ఒకటి చొప్పున అడుగు లోతు గుంటలు తీసి, మాగిన పశువుల ఎరువు ఒక పాలు, తోటమన్ను రెండు పాళ్లు కలిపి నింపితిమి. పచ్చి ఎరువు వేయకూడదు, అది కుళ్లుచు ఉన్న కొద్ది ఆక్సిజనును కూడ తినివేయును. పిలకల మొదలు నేలమట్టమునకు సరిగా ఉండవలెను. మొదటి నెల నిలువనీరు ముంచకుండ చూడవలెను. ఎండయైనను, సగము నీడయైనను ఒప్పుకొనును. దట్టమైన నీడలో కాండములు సన్నబడి వాలిపోవును.

మొక్కలు కొనుటకు కమిటీవారి నిధిని మేము తాకలేదు. నర్సరీ నుండి తెచ్చిన ఒకే కుండీ నుండి తక్కినవన్నియు వచ్చినవి. ఆ ఉపాయము ఇది. ముదిరిన గొడుగును రెండు అంగుళముల కాడతో కోసి, పుచ్ఛములను సగమునకు కత్తిరించి, బకెట్టు నీటిలో తలక్రిందులుగా తేలవేయవలెను. మొదట మేము కాడను నీటిలో నిలిపి తల పైకి ఉంచితిమి. పువ్వుల గుత్తిని అట్లే గదా నిలుపుదుము! చాల భాగము ఎండిపోయినవి. మొలకెత్తు మొగ్గలు కాడ మొదట లేవు, పుచ్ఛములు కలియు నడిబొడ్డున ఉన్నవి. ఆ బొడ్డు నీటిని తాకవలెను. తన తావున ఈ మొక్క చేయునదియు అదియే. బరువెక్కిన కాండము వంగి గొడుగు బురదను ముద్దాడినచోట క్రొత్త మొక్క పుట్టును. రెండు మూడు వారములలో తెల్లని వేళ్లు, వాని వెంట లేత పిలకలు వచ్చును. మూడు దినములకు ఒకసారి బకెట్టు నీరు మార్చుట మరువరాదు.

నీరు మార్చుట అన్నప్పుడే దోమల మాట వచ్చును. కమిటీవారి సందేహములలో ఇది మొదటిది, న్యాయమైనది. వేడిమి గల దినములలో గ్రుడ్డు దోమగా మారుటకు వారము, పది దినములు చాలును. తుంగ నాటినంత మాత్రమున దోమలు పోవు. అట్లు చెప్పువారిని నమ్మవలదు. దోమకు కావలసినది తడిమట్టి కాదు, పైన నిలిచిన నీరు. కనుక చెక్కలో పల్లములను మట్టితో పూడ్చి, పోసిన నీరు ఒక దినములోపల ఇంకిపోవునట్లు చదును చేసితిమి. వాన తరువాత గుంట కనబడినచో మరునాడే పూడ్చవలెను. రెండవ సందేహము పాములు. దట్టపు పొదలో ఏ పురుగైనను చేరవచ్చును. అందుకై పసుపెక్కిన కాండములను నేల దగ్గరకు కోసివేసి, పొద అడుగు భాగము కంటికి కనబడునట్లు ఉంచుచున్నాము. రెండు మూడేండ్లకు ఒకసారి పొదను పెకలించి, చాకుతో నాలుగు భాగములు చేసి, బయటి లేత భాగములను నాటి, నడిమి ముసలి మొదలును పారవేయవలెను.

పారవేయుట అనగా కాలువలో వేయుట కాదు. ఆస్ట్రేలియాలోను, హవాయి దీవులలోను ఈ తోటమొక్కయే వాగుల వెంటబడి కలుపుగా మారినది. మోథా చేత ఒకసారి గుణపాఠము నేర్చినవారము గనుక, పూగుత్తులు గోధుమరంగునకు తిరుగకముందే కోసివేయుచున్నాము, కోసినదానిని ఎండబెట్టి ఎరువుగుంటలో వేయుచున్నాము. చెరువు, కాలువ దగ్గరనున్న ఇండ్లవారు దీనిని కుండీలోనే పెంచుకొనుట మంచిది.

ఇక సిమెంటు విషయము. అచ్చటి తడి రెండు విధములుగా వచ్చుచున్నది. కుళాయిలు కారుట వలన వచ్చునది ఒకటి. సెకనుకు ఒక చుక్క, ఇరువది చుక్కలకు ఒక మిల్లీలీటరు చొప్పున లెక్కించినను ఒక్క కుళాయి నుండి రోజుకు 4 లీటర్లకు పైగా వృథా యగును. దానికి మందు తుంగ కాదు, ప్లంబరు. మొక్క పచ్చగా నుండుటకు కుళాయి కారనిత్తమని మేము ఎన్నడును అనము. రెండవది జొహ్ర్, అస్ర్ నమాజుల వేళ వజూ చేసిన నీరు. అది రోజూ రావలసినదే, వచ్చుచునే యుండును. సిమెంటు వేసినచో ఆ నీరు ఇంకుటకు తావు లేక ప్రయోగశాల గోడ మొదటికి పోవును. ఆ గోడకు మూడడుగుల ఎత్తున ఇప్పటికే చెమ్మ గీత యున్నది, ప్రయోగశాల లోపలి నుండి చూచినచో కనబడును. నడకదారికి కావలసిన రెండున్నర అడుగులు సిమెంటు చేయించి, తక్కిన చెక్కను తుంగకు వదలినచో నడచువారికి బురద తగులదు, గోడకు నీరు చేరదు. వాలును గోడవైపు కాక చెక్కవైపు పెట్టుమని మేస్త్రీకి చెప్పవలసియుండును.

గత మే మాసములో రెండు వారములు ట్యాంకులో నీరు లేక కళాశాల ఆవరణ అంతయు ఎండినది. క్రోటనులు ఆకురాల్చినవి. గొడుగు తుంగల అంచులు గోధుమరంగునకు తిరిగినవి, బయటి కాండములు పడిపోయినవి. నీరు వచ్చిన పదునైదవ దినమున మొదళ్ల నుండి ఈటెలవలె క్రొత్త మొలకలు లేచినవి. నిత్యహరితమని మేము దానిని పొగడుట ఆ రెండు వారములను లెక్కలోనుంచుకొనియే.

ఇప్పుడు చెక్కలో పదునొకండు పొదలు కలవు. ప్రయోగశాల కిటికీ క్రింది నీలపు బకెట్టులో వేళ్లు వచ్చిన గొడుగులు ముప్పదికి పైగా తేలుచున్నవి. ఇంటి వద్ద కుళాయి మూల గల విద్యార్థులు చాచాను అడిగి తలకొకటి తీసికొనిపోవచ్చును. పాత డబ్బా ఒకటి వెంట తెచ్చుకొనవలెను.